నూట అరవయ్యో పేజీ తర్వాత

మొగుడి మీద ఇల్లాలికున్న ఫిర్యాదులన్నీ రాస్తే అదే ఒక పెద్ద నవలవుతుంది. అందుకని ఒక్కటే చెప్పుకుందాం. ఆయన గ్రంథాలయ శాఖలో సూపరింటెండెంటు. ఇరవై ఆరేళ్ల సర్వీసు. ఇన్నేళ్లలో ఒక్క పుస్తకం చదివిన పాపాన పోలేదు. పుస్తకం చేతికిస్తే చాలు, అది ఏ బీరువాలో ఎన్నో అరలో ఉండాలో కళ్లు మూసుకుని చెబుతారు. లోపల ఏముందో మాత్రం కళ్లు తెరిచినా చెప్పలేరు.

"మిఠాయి కొట్టువాడు మిఠాయి తింటాడుటే?" అని ఆయన వాదన.

"తినకపోతే పోనీండి, తీపో చేదో తెలియాలి కదా" అని ఈవిడ వాదన.

ఈ వ్యాజ్యం పెళ్లయిన కొత్తలో మొదలైంది. ఇద్దరికీ జుట్టు నెరిసింది గానీ తీర్పు మాత్రం రాలేదు.

అలాంటి మనిషి ఒక సోమవారం మధ్యాహ్నం, ఆఫీసు వదలకముందే, చంకలో నవలతో ఇంటికొచ్చారు. వెనకాలే ఇద్దరు ప్యూన్లు పెద్ద కాగితాల కట్ట మోసుకొచ్చి భోజనాల బల్ల మీద ధనామని దింపి వెళ్లారు.

"ఒంట్లో బాగాలేదా?" అంది ఇల్లాలు, నవల వంక అనుమానంగా చూస్తూ.

"ఒంట్లో బాగానే ఉంది. ఉద్యోగంలోనే బాగాలేదు" అన్నారాయన. కుర్చీలో కూలబడి, ఆ ఉదయం జరిగిన చారిత్రక ప్రకటన గురించి చెప్పుకొచ్చారు.

సంస్కృతి, గ్రంథాలయాల మంత్రిగారిని అందరూ కమాండర్ గారంటారు. రాజకీయాల్లోకి రాకముందు ఆయన వెండితెర మీద పద్నాలుగు యుద్ధాలు చేశారు, ఒక్కదాంట్లోనూ ఓడిపోలేదు. రెండు సినిమాలు ఓడిపోయాయి గానీ వాటిలోనూ యుద్ధం గెలిచారు. ఇంతటి అనుభవం వృథా పోకూడదని ఈమధ్య ఆయన ఒక నవల రాశారు. పేరు 'కందకంలో కలువ'. సరిహద్దులో ఒక మేజరు, ఒక నర్సు, మధ్యలో ఒక యుద్ధం. మంత్రిత్వ భారం, నియోజకవర్గం, రోజూ మూడు ప్రారంభోత్సవాలు. వీటన్నిటి నడుమ నాలుగువందల పేజీల నవల ఎప్పుడు రాశారా అని కొందరు అసూయాపరులు ఆశ్చర్యపోయారు. ఆయనా కొంత ఆశ్చర్యపోయారని అంటారు.

ఆ సోమవారం కమాండర్ గారు విలేఖరులను పిలిచి ఇలా సెలవిచ్చారు: "నా నవలకు పండితుల సర్టిఫికెట్ అక్కర్లేదు. ప్రజలే నా విమర్శకులు. వారం రోజుల్లో వెయ్యిమంది పాఠకులు నిర్భయంగా, నిష్పక్షపాతంగా తమ ప్రశంసలు తెలియజేయాలని కోరుతున్నాను."

ప్రజాస్వామ్యం మీద ఇంత నమ్మకం ఉన్న రచయిత ఇంతకుముందు పుట్టలేదని మర్నాడు పత్రికలు రాశాయి.

"బాగానే ఉంది. చదివినవాళ్లు రాస్తారు. మధ్యలో మీకేమొచ్చింది?" అంది ఇల్లాలు.

"చదివినవాళ్లా!" అని సూపరింటెండెంటు గారు నీరసంగా నవ్వారు. "పుస్తకాలు పోయిన శుక్రవారం అన్ని లైబ్రరీలకీ పంపాం. అన్నిచోట్లా భద్రంగా బీరువాలో పెట్టి తాళం వేశారు. ఆ తాళాలు ఎవరి దగ్గరున్నాయో తేలడానికే రెండు వారాలు పడుతుంది. వెయ్యి అభిప్రాయాల బాధ్యత నా నెత్తిన పెట్టారే. రాకపోతే కొండమీది శాఖకి బదిలీ చేస్తారట."

"అక్కడ లైబ్రరీ ఉందా?"

"బోర్డుంది."

ఇల్లాలు కట్ట విప్పి ఒక కాగితం తీసి చూసింది. 'పాఠకాభిప్రాయ పత్రము' అని పైన అచ్చేశారు. పేరు రాయనక్కర్లేదు, వయసు, వృత్తి చాలన్నారు. పేరుంటే ఎవరైనా వెతికి పట్టుకుని అడుగుతారని కాబోలు. తర్వాత ప్రశ్నలు: నవల చదువుచున్నప్పుడు ఎన్నిసార్లు కన్నీరు పెట్టుకొంటిరి? ఒకసారి, మూడుసార్లు, లెక్క పెట్టలేదు. చివరన 'నచ్చని అంశములు' అని ఒక గడి. అందులో 'లేవు' అని ముందే అచ్చువేసి ఉంది, పాఠకుడికి శ్రమ లేకుండా.

"నువ్వు కాలేజీలో సాహిత్యం చదువుకున్నావు కదా" అన్నారాయన, పెళ్లయిన ఇన్నేళ్లలో మొదటిసారి ఆ సంగతి గుర్తొచ్చినట్టు.

"అందుకని?"

"మధ్యాహ్నాలు నీకు పెద్ద పనేముంటుంది చెప్పు. రోజుకి నూటయాభై చొప్పున..."

ఇల్లాలు మొగుడి మొహంలోకి చూసింది. వేళాకోళం ఆడుదామని నోటిదాకా వచ్చింది గానీ, ఆయన నుదుటి మీద పట్టిన చెమట చూసి ఊరుకుంది. "సరే. నవల ఇలా ఇవ్వండి" అంది.

"నవలెందుకు?"

"చదవకుండా ఎలా రాయమంటారు?"

"చదివితే ఎలా రాస్తావే?" అన్నారు సూపరింటెండెంటు గారు, నిజంగానే అర్థంకాక.

అయినా ఇల్లాలు మొండిఘటం. చదివింది. మధ్యాహ్నం పనయ్యాక అత్తగారి మంచం పక్కన స్టూలు వేసుకుని పైకే చదివేది. అత్తగారికి చూపు ఆనదు గానీ చెవులు పాముచెవులు. నలభయ్యో పేజీలో మేజరుకి కుడిచెయ్యి పోయింది. తొంభయ్యో పేజీలో రెండు చేతులతో నర్సుని పైకెత్తి వాగు దాటించాడు.

"మళ్లీ మొలిచిందేమోలే. మంచివాడు పాపం" అన్నారు అత్తగారు.

నాలుగోరోజుకి నూట అరవయ్యో పేజీకి వచ్చారు. ఫిరంగులు మోగుతున్నాయి. మేజరు నర్సు చేయి పట్టుకుని, గద్గదంగా, "ప్రియా, ఈ యుద్ధం ముగిశాక మనిద్దరం" అన్నాడు. పేజీ అయిపోయింది. ఇల్లాలు పేజీ తిప్పి అదే గొంతుతో అందుకుంది.

"రోజుకు రెండు పూటలా గోరువెచ్చని నీరు పెట్టవలెను. పొదుగుడు కోడిని అనవసరంగా కదిలించరాదు. గుడ్ల మీద కూర్చున్న తల్లికి చీకటి, నిశ్శబ్దం, కొద్దిపాటి నమ్మకం కావలెను."

ఆగిపోయింది. పేజీ అంకె చూసింది. పదిహేడు. వెనక్కి తిప్పింది, నూట అరవై. ముందుకు తిప్పింది. పదిహేడు నుంచి ముప్పై రెండు దాకా కోళ్లు, కోళ్ల జబ్బులు, కోళ్ల మేత, కోళ్లగూటికి గాలి ఎటునుంచి రావాలో బొమ్మతో సహా. ఆ తర్వాత నూట డెబ్బై ఏడో పేజీలో నర్సు "నీకోసం ఎన్ని జన్మలైనా ఎదురుచూస్తాను" అని భోరుమంది.

"ఆపావేమే అమ్మాయ్? చదువు, చదువు. నవల ఇప్పుడే కదా అందుకుంది" అన్నారు అత్తగారు.

పదహారు పేజీలూ చదివించుకుని అత్తగారు తృప్తిగా వెనక్కి వాలారు. "ఈ మేజరూ వాడి ఏడుపూ నాకు నచ్చలేదు గానీ, ఈ కోడి ముక్క రాసినవాడికి మాత్రం బుర్ర ఉందే. నిజం తెలిసినవాడు. ఇది చదువుతుంటే నాకు కళ్లు చెమర్చాయి. ఇలాగని రాసెయ్" అన్నారు.

అప్పటికి ఇల్లాలు ఆరువందల పన్నెండు అభిప్రాయాలు రాసింది. దర్జీగా రాసింది, దంతవైద్యుడిగా రాసింది, పదవీ విరమణ చేసిన సైనికుడిగా ఎడమచేత్తో రాసింది. ఒక్కటీ నిజం కాదు. ఆరువందల పదమూడోది మాత్రం అత్తగారు చెప్పింది చెప్పినట్టు రాసింది. వయసు డెబ్బై ఎనిమిది. వృత్తి, పెద్దరికం. మేజరు సంగతి మాత్రం, మొగుడి నుదుటి చెమట తలుచుకుని, వదిలేసింది.

రాశాక నవల పట్టుకుని మేడమీదికి వెళ్లింది. మేడ మీద గదుల్లో ప్రభుత్వ ముద్రణాలయంలో పనిచేసే బైండింగ్ మేస్త్రీ అద్దెకుంటాడు. మాటకన్నా ముందు చేతికంటిన జిగురు కనిపించే మనిషి. ఆయన పుస్తకం తెరిచి, నూట అరవయ్యో పేజీ దగ్గర వేలు పెట్టి, తల పట్టుకుని మెట్టు మీద కూర్చుండిపోయాడు.

"అమ్మా, కొంప మునిగింది. ఆరోజు ఒకే బల్ల మీద రెండు పనులు. ఇటు మంత్రిగారి నవల, అటు పశుసంవర్ధక శాఖవాళ్ల 'పెరటి కోళ్ల పెంపకం'. ఆ పుస్తకం ఏటా వేస్తాం. కరెంటు పోయింది, గుడ్డిదీపం పెట్టుకుని ఫారాలు పేర్చాను. ఫారమంటే పదహారు పేజీల మడత కదా. ఇటుది అటూ, అటుది ఇటూ..."

"ఎన్ని కాపీలు?"

"అన్నీ. ఐదువేలు." మేస్త్రీ పుస్తకం మూసేశాడు. "ముప్పై ఏడేళ్ల సర్వీసులో మొదటి తప్పు తల్లీ. ఇంకో ఏడాదిన్నరలో రిటైరవ్వాల్సినవాణ్ణి. ఎవరైనా చదివితే నా గతేంటి?"

"చదివితే కదా. మీరు ధైర్యంగా ఉండండి అన్నయ్యగారూ" అంది ఇల్లాలు.

ఆవిడ అంచనా సాహిత్యపరంగా నూటికి నూరుపాళ్లూ నిజం. ఎవరూ చదవలేదు. కాని అభిప్రాయాలు చదువుతారని ఆవిడకు తట్టలేదు.

వెయ్యి పత్రాలు ఆదివారానికల్లా మంత్రిగారి పేషీకి చేరాయి. కమాండర్ గారు అక్కడక్కడా తీయించి రెండువందల దాకా స్వయంగా చదివించుకున్నారట. అన్నీ ఒకే పోలికగా ఉన్నాయి. 'అద్భుతం', 'అమోఘం', 'మూడుసార్లు ఏడ్చితిని'. ఆరువందల పదమూడోది మాత్రం కార్యదర్శి గొంతులో వేరేగా మోగింది. 'పొదుగుడు కోడి ఘట్టం రాసినవాడికి నిజం తెలుసు. నా కళ్లు చెమర్చాయి.'

కమాండర్ గారు కాసేపు కిటికీలోంచి బయటకు చూశారు. "కోడి ఘట్టం" అన్నారు మెల్లగా. "అవును. అది రాస్తున్నప్పుడు నాకూ చెమర్చాయి."

అంతే. ఆ వారం పత్రికల్లో ఎక్కడ చూసినా కోడే. 'ఫిరంగుల నడుమ కోడిపెట్ట: కమాండర్ గారి సాహసం' అని ఒకరు. 'యుద్ధ సాహిత్యంలో ఇంతవరకు ఎవరూ పెట్టని గుడ్డు' అని ఇంకొకరు. విశ్వవిద్యాలయంలో సన్మాన సభ పెట్టారు. అభిప్రాయాలు సేకరించినందుకు సూపరింటెండెంటు గారికి ముందువరుసలో సీటు, ఆయన భార్యకు చివరివరుసలో.

వేదిక మీద సాహిత్య శాఖ ప్రొఫెసరు గారు నలభై నిమిషాలు మాట్లాడారు. "పొదుగుడు కోడి ఎవరు? మాతృభూమి. గుడ్లు ఎవరు? పౌరులు. గోరువెచ్చని నీరు? అదే శాంతి. మరీ వేడీ కాదు, మరీ చల్లనా కాదు! 'చీకటి, నిశ్శబ్దం, కొద్దిపాటి నమ్మకం.' ఈ ఒక్క వాక్యం చాలదా అండీ ఒక రచయితను చిరంజీవిని చేయడానికి?"

హాలు దద్దరిల్లింది. ఇల్లాలి పక్క సీట్లో నెరిసిన గడ్డంతో, మోచేతుల దగ్గర అరిగిపోయిన కోటుతో ఉన్న ఒక పెద్దమనిషి అందరికన్నా గట్టిగా చప్పట్లు కొడుతూ, జేబురుమాలుతో కళ్లొత్తుకుంటున్నాడు.

"నవల అంత బాగా నచ్చిందాండీ?" అంది ఇల్లాలు.

"నేను నవలలు చదవనమ్మా. పశువుల డాక్టర్ని. పశుసంవర్ధక శాఖలో డైరెక్టర్ని" అన్నాడాయన. కాస్త తటపటాయించి, "ఈ వాక్యం మాత్రం ఎక్కడో విన్నట్టుంది. నేనే రాసినట్టూ ఉంది" అన్నాడు.

ఇల్లాలు ఆయన వైపు తిరిగింది. "మరి చెప్పరేం?"

"ముప్పై ఏళ్లు కోళ్ల మధ్య తిరిగి రాసుకున్న పుస్తకమమ్మా. ఇన్నేళ్లలో బాగుందని గానీ బాగాలేదని గానీ ఒక్కరూ ఒక్క ముక్క చెప్పలేదు. ఈరోజు ఇంతమంది చప్పట్లు కొడుతున్నారు. మధ్యలో లేచి అల్లరెందుకు? హాయిగా కూర్చుని వింటున్నాను." తర్వాత గొంతు తగ్గించి, "ఈ ఏడాది మా పుస్తకంలోకి ఎవరో మేజరొచ్చాడు. ఒక రైతు ఉత్తరం రాశాడు. 'ఆ నర్సు దొరికిందా లేదా, అది తెలియక కోళ్లకు మేత వేయడం మరిచిపోతున్నాను' అని. ఏమని జవాబు రాయను చెప్పండి?" అన్నాడు.

"దొరికింది. మూడువందల తొంభయ్యో పేజీలో" అంది ఇల్లాలు.

"హమ్మయ్య" అన్నాడు డాక్టరు. జేబులోంచి చిన్న పుస్తకం తీసి రాసుకున్నాడు.

ఆ రోజు అక్కడితో కథ కంచికి వెళ్లిపోయేదే. కాని మేడమీది మేస్త్రీ నిజాయితీపరుడు. రెండో ముద్రణకు ఆర్డరు రాగానే, తన తప్పు తను దిద్దుకునే అవకాశం దొరికిందని పొంగిపోయాడు. ఫారాలు పట్టపగలు, కిటికీ పక్కన, ఒక్కొక్కటీ రెండేసిసార్లు చూసి పేర్చాడు. నూట అరవై తర్వాత నూట అరవై ఒకటి వచ్చింది. మేజరు తన వాక్యం పూర్తిచేసుకున్నాడు. కోళ్లు కోళ్ల పుస్తకంలోకి వెళ్లాయి.

రెండో ముద్రణ ఆవిష్కరణలో కమాండర్ గారిని ఆ సుప్రసిద్ధ ఘట్టం స్వయంగా చదివి వినిపించమని సభ కోరింది. ఆయన కళ్లజోడు పెట్టుకుని, కొత్త పుస్తకం తెరిచి, ప్రొఫెసరు గారు కాగితం ముక్క పెట్టిన చోటు చూశారు. పక్క పేజీ చూశారు. అటు నాలుగు, ఇటు నాలుగు తిప్పారు. మూడు టీవీ కెమెరాల ముందు ఎనిమిది నిమిషాలు నవలంతా గాలించారు. అంతసేపు ఆ నవలతో ఆయన గడపడం అదే మొదటిసారని గిట్టనివాళ్లు అన్నారు.

చివరికి మైకులో ఆయన గొంతు పిడుగులా పలికింది. "నా కోడేదీ?"

మర్నాడు పొద్దుటికల్లా బైండింగ్ మేస్త్రీ సస్పెండయ్యాడు. మహత్తర సాహిత్య ఘట్టాన్ని శత్రువుల ప్రోద్బలంతో తొలగించినందుకు డిస్మిస్ చేయాలా, కేసు కూడా పెట్టాలా అని తేల్చడానికి విచారణాధికారిని వేశారు. పాఠకుల నాడి తెలిసిన మనిషి కావాలన్నారు. అందుకని సూపరింటెండెంటు గారిని వేశారు.

ఆ సాయంత్రం మేస్త్రీ కిందికి దిగి గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. "విచిత్రం చూశారా అమ్మా. తప్పు చేస్తే దేశమంతా మెచ్చుకుంది. దిద్దితే ఉద్యోగం పోయింది."

ఆయన వెళ్లాక ఇల్లాలు మొగుడి ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది. "ఏవండీ, జరిగింది జరిగినట్టు రిపోర్టు రాసెయ్యండి."

"రాస్తే మేస్త్రీ తేలతాడు, నేను మునుగుతాను. కోడి సంగతి తవ్వితే అభిప్రాయం బయటికొస్తుంది. అభిప్రాయం తవ్వితే నీ చేతిరాత బయటికొస్తుంది."

"పోనీ మీరు చెప్పకండి. నేను చెబుతాను."

"అప్పుడూ మునిగేది నేనేనే!"

"ఒరేయ్" అన్నారు లోపలి గదిలోంచి అత్తగారు. "కొండమీద గాలి మంచిది. పోదాంలే."

ఇల్లాలు ఆ రాత్రంతా మథనపడింది. ఆ ఆరువందల పదమూడో కాగితం తను రాసిందే. అది రాయకపోతే కోడిని ఎవరూ చూసేవారు కాదు, మేస్త్రీ కొంప మునిగేది కాదు. తొమ్మిదివందల తొంభై తొమ్మిది అబద్ధాలు ఎవరికీ హాని చేయలేదు. ఒక్క నిజం మనిషి ఉద్యోగం తీసింది. మర్నాడు పొద్దున్నే వీధి చివరి లైబ్రరీకి వెళ్లి, అట్టడుగు అరలో దుమ్ము దులిపి, ఒక పలచని పుస్తకం తెచ్చుకుంది. 'పెరటి కోళ్ల పెంపకం', మొదటి ముద్రణ. లైబ్రరీ ముద్ర మీద తేదీ పదకొండేళ్ల కిందటిది. ఎవరూ ఒక్కసారైనా తీసుకెళ్లలేదు కాబట్టి కొత్తగా, ఫెళఫెళలాడుతూ ఉంది.

విచారణ మంత్రిగారి ఛాంబర్లో జరిగింది. ఒక గోడ నిండా కమాండర్ గారు పద్నాలుగు యూనిఫారాల్లో ఉన్న ఫొటోలు. బల్లకు ఒకవైపు కమాండర్ గారు, ప్రొఫెసరు గారు. ఇంకోవైపు మినిట్స్ పుస్తకంతో సూపరింటెండెంటు గారు. కోళ్ల గురించి నిపుణుడి సలహా అవసరం పడవచ్చని డైరెక్టరు డాక్టరు గారినీ పిలిపించారు. తలుపు పక్కన మేస్త్రీ చేతులు కట్టుకుని నిలబడ్డాడు. కూర్చోమని ఎవరూ అనలేదు.

మేస్త్రీ తరఫు సాక్షిగా వచ్చిన ఇల్లాలు లేచింది. సూపరింటెండెంటు గారు కలం తీశారు.

"అయ్యా, ముందు ఒక సంగతి చెప్పుకోవాలి. ఆ వెయ్యి అభిప్రాయాలూ నేనే రాశాను. అన్నీ నా చేతిరాతే."

సూపరింటెండెంటు గారు కళ్లు మూసుకుని, కొండమీది బోర్డు ఎలా ఉంటుందో ఊహించుకున్నారు.

కమాండర్ గారు మెల్లగా లేచి నిలబడ్డారు. "వెయ్యిసార్లు చదివావా తల్లీ?"

"అబ్బే, అది కాదండీ..."

"ఒక్క పాఠకురాలు, వెయ్యి అభిప్రాయాలు!" ఆయన గోడమీది ఫొటోల వైపు తిరిగారు. "ఏ రచయితకు దక్కిందయ్యా ఈ భాగ్యం? సూపరింటెండెంటు గారూ, ఈ మాట రాసుకోండి. పెద్దక్షరాలతో రాసుకోండి."

సూపరింటెండెంటు గారు ఒక కన్ను తెరిచి రాసుకున్నారు.

ఇల్లాలు నిరాశపడలేదు. సంచిలోంచి పలచని పుస్తకం తీసింది. "సరేనండి. ఇది కూడా వినండి" అని పదిహేడో పేజీ తెరిచి చదివింది. 'రోజుకు రెండు పూటలా గోరువెచ్చని నీరు పెట్టవలెను. పొదుగుడు కోడిని అనవసరంగా కదిలించరాదు...' చివర్న 'చీకటి, నిశ్శబ్దం, కొద్దిపాటి నమ్మకం' దాకా వచ్చి ఆగింది. ప్రొఫెసరు గారు అలవాటుగా "ఆహా!" అన్నారు.

"ఇది మీ నవల కాదండి" అంది ఇల్లాలు. "పశుసంవర్ధక శాఖవారి పుస్తకం. అదే మాట, అదే బొమ్మ, అదే పేజీ అంకె. పదకొండేళ్ల కిందట అచ్చయింది. ఇదిగో ముద్ర."

పుస్తకం బల్ల మీద చేతులు మారింది. కమాండర్ గారు చూశారు. ప్రొఫెసరు గారు చూశారు. తేదీని వెలుతురుకు పెట్టి మరీ చూశారు. ఇల్లాలు మనసులో, అమ్మయ్య, నిజం నిలబడింది అనుకుంది.

కమాండర్ గారు బల్ల మీద గుద్దారు. "అంటే పశుసంవర్ధక శాఖవాళ్లు నా నవల కాపీ కొట్టారన్నమాట!"

"పదహారు పేజీలు! అక్షరం పొల్లుపోకుండా!" అన్నారు ప్రొఫెసరు గారు.

"అయ్యా, పదకొండేళ్ల కిందట..." అంది ఇల్లాలు.

"అదే కదమ్మా దారుణం!" అన్నారు ప్రొఫెసరు గారు. "రాయకముందే కాపీ కొట్టారంటే ఎంత ముందస్తు పథకమో చూడండి. సాహిత్య చరిత్రలో ఇలాంటి చౌర్యం నేను వినలేదు."

"నాకప్పుడే అనుమానం వచ్చింది" అన్నారు కమాండర్ గారు. "నా మనసులో ఉన్న మాటలు బయటికెలా పొక్కాయా అని."

సూపరింటెండెంటు గారు అన్నీ రాసుకుంటున్నారు. ఒకచోట కలం ఆపి, జీవితంలో మొదటిసారిగా ఆ పలచని పుస్తకం ముందుకు లాక్కుని, పదిహేడో పేజీ చదవడం మొదలుపెట్టారు. చదువుతూ చదువుతూ పద్దెనిమిదో పేజీ కూడా తిప్పారు. ఇల్లాలు అది చూసింది గానీ, చూడనట్టు ఊరుకుంది.

"ఇప్పుడు తేలాల్సింది ఒక్కటే" అన్నారు కమాండర్ గారు. "నా కోడి నా నవల్లో లేదు, వాళ్ల పుస్తకంలో ఉంది. దీనికి ఎవరో ఒకరు తప్పు ఒప్పుకోవాలి. తీసినవాడా? లేక దాచుకున్నవాళ్లా?"

అందరూ తలుపు వైపు చూశారు. మేస్త్రీ తన జిగురు చేతుల వంక చూసుకున్నాడు. నోరు తెరవబోయాడు.

కుర్చీ చప్పుడయింది. పశువుల డాక్టరు లేచి నిలబడ్డాడు. కళ్లజోడు తీసి కోటు అంచుతో తుడుచుకున్నాడు. మేస్త్రీ వైపు ఒకసారి, తన పుస్తకం వైపు ఒకసారి చూశాడు. తర్వాత చేతులు జోడించి, గొంతు సవరించుకుని, అందరికీ వినపడేలా అన్నాడు:

"తప్పు మాదేనండి. పదకొండేళ్ల కిందట ఆ పుస్తకం వేసేటప్పుడే కమాండర్ గారి అనుమతి తీసుకోవాల్సింది."